ముప్పావలా వడ్డీకి మోటార్‌హోమ్: బండి కన్నా ముందు ఫైనాన్స్ గది రివ్యూ

రెండేళ్ల కిందట, 2023 అక్టోబర్‌లో, డాలస్ చుట్టుపక్కల ఉన్న ఒక డీలర్ దగ్గర మేం మోటార్‌హోమ్ కొన్నాం. దీన్ని ఇక్కడ క్లాస్ సి అంటారు. ముందు సగం ఫోర్డ్ ఈ-450 ట్రక్కు, వెనక సగం ఇల్లు, డ్రైవర్ నెత్తి మీద ఒక మంచం. పొడవు 27 అడుగులు. వంటగట్టు, ఫ్రిజ్, బాత్రూమ్, పడుకోవడానికి ఆరుగురికి చోటు (ఆరుగురూ సన్నగా ఉంటేనే). అప్పటినుంచి తెలిసినవాళ్లు రివ్యూ రాయమని అడుగుతూనే ఉన్నారు, తీరా మాట మొదలుపెడితే ఎవరూ బండి గురించి అడగరు, "క్యాష్ పెట్టి కొన్నావా, లోన్ తీశావా" అని అడుగుతారు. అందుకే ఇది సగం బండి రివ్యూ, సగం ఆ డీలర్ ఫైనాన్స్ గది రివ్యూ. డీలర్ పేరు, బండి కంపెనీ పేరు రాయడం లేదు. నేను పడ్డ తిప్పలు ఏ డీలర్ దగ్గరికి వెళ్లినా కాస్త అటూ ఇటూగా ఎదురయ్యేవే.

మొదటి తప్పు మొదటి డీలర్ దగ్గరే చేశాను. లాట్‌లో కాలు పెట్టి అయిదు నిమిషాలు కాలేదు, సేల్స్ కుర్రాడు మంచినీళ్ల బాటిల్ చేతిలో పెడుతూ, ఏదో వాతావరణం గురించి అడిగినంత మామూలుగా, క్యాషా ఫైనాన్సా అని అడిగాడు. మన తెలుగు బుద్ధి ఎలా ఉంటుందంటే, క్యాష్ అంటే గౌరవం, క్యాష్ అంటే బేరంలో మనదే పైచేయి అనుకుంటాం. తెనాలిలో ఫ్రిజ్ కొన్నా, గుంటూరులో బంగారం కొన్నా, "మొత్తం ఇప్పుడే కట్టేస్తా, ఎంతకిస్తావు చెప్పు" అంటేనే కదా షాపువాడు కాలిక్యులేటర్ తీసేది. నేనూ ఛాతీ కాస్త ముందుకు పెట్టి క్యాష్ అన్నాను. అంతే, ఆ తర్వాత గంటన్నర పాటు ధర ఒక స్థాయి కింద కదల్లేదు. మర్యాద తగ్గలేదు, కాఫీ కూడా ఇచ్చారు, ధర మాత్రం కదల్లేదు.

ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. డీలర్‌కి బండి అమ్మితే ఒక లాభం, అప్పు అమ్మితే ఇంకో లాభం. బ్యాంకు డీలర్‌కి ఒక రేటు చెబుతుంది, ఉదాహరణకి ఏడున్నర అనుకోండి. డీలర్ దాని మీద ఒకటో ఒకటిన్నరో శాతం కలిపి మనకి తొమ్మిది అని చెబుతాడు. ఆ తేడాలో వాటాని బ్యాంకు డీలర్‌కి ముందే ఇచ్చేస్తుంది. మనం కొన్ని నెలల్లోనే అప్పు మొత్తం తీర్చేస్తే ఆ వాటా మళ్లీ వెనక్కి లాక్కుంటుంది కూడా. దాని పైన ఎక్స్‌టెండెడ్ సర్వీస్ ప్లాన్, గ్యాప్ ఇన్సూరెన్స్ (బండి పోతే దాని విలువకీ బాకీకీ మధ్య తేడా కట్టేది), సీట్ల మీద మరకలు పడకుండా ఏదో స్ప్రే. ఇవన్నీ అప్పులో కలిపి అమ్మడం తేలిక, క్యాష్ మనిషి జేబులోంచి విడిగా లాగడం కష్టం. అంటే క్యాష్ అన్న మనిషి వాళ్ల దృష్టిలో తక్కువ లాభం తెచ్చే మనిషి. వాళ్లకి తగ్గిన లాభాన్ని బండి ధరలోనే రాబట్టుకోవాలి కదా. ఇందులో మోసం ఏమీ లేదు, వ్యాపారం అంతే. నాకు తెలియకపోవడమే నా తప్పు.

అందుకని రెండో డీలర్ దగ్గర నోరు కట్టేసుకున్నాను. "ముందు బండి ధర తేలనివ్వండి, డబ్బు ఎలా కట్టాలో తర్వాత చూద్దాం, మీ దగ్గర మంచి రేటు ఉంటే లోన్ కూడా చూస్తాను" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే చూద్దామనుకున్నాను. ఇంకో సంగతి, అప్పుడు టైం మాకు బాగా కలిసొచ్చింది. కోవిడ్ రోజుల్లో జనం విమానాలు మానేసి వీటి మీద పడ్డారు, 2021లో అమెరికాలో ఆరు లక్షలకి పైగా ఆర్‌విలు (ఇలా ఇల్లులా వాడుకునే బండ్లు, ట్రైలర్లు) తయారై డీలర్ల దగ్గరికి వెళ్లాయి. 2023కి వచ్చేసరికి ఆ సంఖ్య మూడు లక్షల పదమూడు వేలకి పడిపోయింది. దానికి తోడు అక్టోబర్, చలికాలం ముందర, వచ్చే ఏడాది మోడళ్లు లాట్‌లోకి దిగుతున్నాయి. పాత మోడల్ అలా నిలబడి ఉంటే డీలర్‌కి కూడా వడ్డీ పడుతూ ఉంటుంది, ఆ బండ్లు కూడా అప్పు మీద తెచ్చినవే కాబట్టి. స్టిక్కర్ మీద 1,29,000 డాలర్లు రాసి ఉన్న బండి మూడు శనివారాల బేరం తర్వాత 96,000కి దిగింది. దీన్ని నా గొప్ప అనుకోకండి, ఈ బండ్లకి స్టిక్కర్ ధర ఇచ్చేవాళ్లు తక్కువ, పావు వంతు దాకా తగ్గడం మామూలే. టెక్సస్ అమ్మకం పన్ను 6.25 శాతం, అంటే సరిగ్గా ఆరు వేలు. టైటిలు (బండి యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషను, కాగితాల ఫీజు ఎనిమిది వందలు. "ప్రిప్ ఫీజు" అని ఇంకో రెండున్నర వేలు వేశారు, అమ్మకానికి పెట్టిన బండిని కడిగి తుడవడానికి నేనెందుకు డబ్బులివ్వాలి అని గట్టిగా పట్టుకుంటే తీసేశారు. మొత్తం 1,02,800.

ఇక్కడి దాకా ఈ రెండో డీలర్ సేల్స్ కుర్రాడికి నేను అయిదుకి నాలుగు ఇస్తాను. ఓపికగా చెప్పాడు, తెలియనిది తెలియదన్నాడు, ట్యాంకులు ఖాళీ చేయడం ఎలాగో తన చేతులతో చూపించాడు. ఆ తర్వాత మమ్మల్ని లోపల ఒక చిన్న గదిలోకి పంపారు.

ఆ గదిలో కిటికీ లేదు. టేబుల్ మీద పిల్లల ఫొటో, చాక్లెట్ల గిన్నె, ఒక పెద్ద మానిటర్. ఎదురుగా చాలా మంచి మాటకారి, నాకన్నా పదేళ్లు పెద్దాయన, ఫైనాన్స్ మేనేజర్. ఆయన మొత్తం సొమ్ము అనే మాటే ఎత్తలేదు. వడ్డీ శాతం కూడా నేను అడిగితేనే చెప్పాడు. ఆయన చెప్పిందల్లా ఒకటే అంకె: నెలకి 827. "మీ కారు లీజు కన్నా కాస్తే ఎక్కువ కదా సార్" అన్నాడు. 10,800 డౌన్ పేమెంట్, 92,000 లోన్, 8.99 శాతం, ఇరవై ఏళ్లు. మా ఆవిడ నా వైపు చూసింది, ఫర్వాలేదన్నట్టే. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ క్షణం ఫర్వాలేదనే అనిపించింది. 827 అంటే మాకు కుదిరే అంకె.

తర్వాత ఒక్కొక్కటీ స్క్రీన్ మీదికి వచ్చాయి. ఎక్స్‌టెండెడ్ సర్వీస్ ప్లాన్ 6,900. గ్యాప్ 1,100. టైర్లు, చక్రాలకి 1,400. సీట్లకీ పెయింట్‌కీ రక్షణ పూత 1,900. మొత్తం 11,300. కానీ ఆయన 11,300 అనలేదు, "ఇవన్నీ కలిపినా నెలకి ఇంకో నూటొకటి అంతే" అన్నాడు. మన పెళ్లిళ్లలో చదివింపులు అంత. ఆ నూటొకటిని 240 నెలలతో గుణిస్తే 24 వేలు దాటుతుంది. అంటే 1,900 పెట్టి వేయించుకునే పూతకి నాలుగు వేలు కడతామన్నమాట, అదీ ఆ సీట్లు చిరిగి ఇంకెవరి దగ్గరికో వెళ్లిపోయాక కూడా.

దీనికి పైన పన్ను కబురు. ఈ బండిలో పడక, వంట, టాయిలెట్ మూడూ ఉన్నాయి కాబట్టి ఇక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ దృష్టిలో ఇది రెండో ఇల్లు, లోన్ వడ్డీకి ఇంటి లోన్ వడ్డీలాగే మినహాయింపు వస్తుంది, కాబట్టి క్యాష్ పెట్టడం తెలివితక్కువ పని అన్నాడు ఆయన. ఆయన చెప్పిన నియమం నిజమే, అబద్ధం కాదు. కానీ అది పనికి రావాలంటే మన మినహాయింపులన్నీ కలిపి స్టాండర్డ్ డిడక్షన్‌ని, అంటే ఏ లెక్కా చూపకుండా ఇచ్చే మినహాయింపుని, దాటాలి. 2024కి భార్యాభర్తలిద్దరికీ కలిపి అది 29,200. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా ఇల్లు 2020లో తక్కువ వడ్డీకి తీసుకున్నది, ఏడాదికి ఇంటి వడ్డీ పదివేల అయిదు వందలు. ఆస్తి పన్ను ఎంత కట్టినా అప్పటి నియమం ప్రకారం పదివేలే లెక్క. ఈ బండి మొదటి ఏడాది వడ్డీ ఎనిమిది వేల రెండు వందలు. కూడితే 28,700. అంటే మాకొచ్చే పన్ను లాభం సున్నా. పెద్ద ఇల్లు, ఎక్కువ వడ్డీ రేటు ఉన్నవాళ్లకి లెక్క వేరుగా ఉండొచ్చు, మీ కాగితాలు మీరు చూసుకోండి, ఆ గదిలో చెప్పిన మాట మీద మాత్రం వెళ్లకండి.

సంతకం చేయకుండా, "రేపు చెబుతాం" అని లేచి వచ్చేశాం. ఆయన మొహంలో చిరునవ్వు పోలేదు కానీ చాక్లెట్ల గిన్నె మాత్రం వెనక్కి జరిగింది.

ఆ రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. నాన్నకి శాతాలు ఎక్కవు, ఆయనకి నూటికి నెలకి ఎన్ని రూపాయలు అన్నదే లెక్క. 8.99ని పన్నెండుతో భాగిస్తే ముప్పావలా. "ముప్పావలా వడ్డీయా? ఇక్కడ రెండు రూపాయలకి తక్కువ ఎవడూ ఇవ్వడం లేదు, తీసుకోరా" అన్నారు వెంటనే. తర్వాత "ఎన్నాళ్లకి?" అన్నారు. ఇరవై ఏళ్లు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. "ఇరవై ఏళ్లు ఏ బండి నడుస్తుందిరా? మన ట్రాక్టర్ అప్పు అయిదేళ్లలో తీర్చాం. అది పొలం దున్ని, కిరాయికి తిరిగి, తన అప్పు తనే తీర్చుకుంది. ఇదేం సంపాదిస్తుంది?" అన్నారు. రూపాయల్లో ఎంత అని అడిగితే ఎనభై అయిదు లక్షలు అని చెప్పక తప్పలేదు. అప్పుడు ఫోన్ అమ్మ తీసుకుంది, ఆ సంభాషణ ఇక్కడ అనవసరం.

కానీ ముప్పావలా దగ్గర నాకు దీపం వెలిగింది. వడ్డీ రేటు చూస్తే చిన్నదే, కాలం దాన్ని ఎంత చేస్తుందో చూడాలి. కూర్చుని పట్టిక వేశాను. 92,000 అప్పుకి ఇరవై ఏళ్లలో కట్టేది 1,98,500. అంటే వడ్డీ ఒక్కటే లక్షా ఆరు వేలు, తెచ్చిన అప్పు కన్నా ఎక్కువ. ఇంకా భయపెట్టింది అది కాదు. అయిదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక, అంటే దాదాపు యాభై వేలు కట్టాక, ఇంకా మిగిలే బాకీ 81,600. అసలు తీరింది పదివేల చిల్లర. అయిదేళ్ల తర్వాత ఈ బండిని ఎవరు ఎనభై వేలకి కొంటారు? యాభై అయిదో అరవయ్యో వస్తే గొప్ప. అంటే అమ్ముదామన్నా చేతి నుంచి ఇరవై వేలు ఎదురు పెట్టి అమ్మాలి.

సరే అలాగైతే క్యాషే పెట్టేద్దాం అనుకున్నాం. మా దగ్గర మనీ మార్కెట్‌లో (ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే పొదుపు) లక్షా నలభై వేలు ఉన్నాయి, అప్పుడు దానికి దాదాపు అయిదు శాతం వస్తోంది. 2021లో అయితే ఇంకోలా ఆలోచించేవాణ్ణి. అప్పట్లో మంచి క్రెడిట్ ఉన్నవాళ్లకి ఆర్‌వి లోన్లు నాలుగూ అయిదూ శాతానికి దొరికేవి, "డబ్బు మార్కెట్లో పెట్టు, బండికి అప్పు తీసుకో" అనే సలహా ఆ రోజుల్లో పుట్టిందే. 2022 మార్చి నుంచి ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) రేట్లు పెంచుకుంటూ 2023 జులైకి అయిదుంపావు నుంచి అయిదున్నర మధ్యకి తీసుకొచ్చింది, కానీ ఆ పాత సలహా ఇప్పటికీ చాయ్ కబుర్లలో తిరుగుతూనే ఉంది. నా అయిదు శాతంలో పన్ను పోగా మిగిలేది మూడు పాయింట్ ఎనిమిది. మూడు పాయింట్ ఎనిమిది సంపాదించే డబ్బుని అలాగే ఉంచి తొమ్మిదికి అప్పు తెచ్చుకోవడానికి ఎంబీఏ అక్కర్లేదు, బుర్ర లేకపోతే చాలు. షేర్లలో పెడితే ఎక్కువ వస్తుంది కదా అంటారు కొందరు. వస్తుంది, రాకపోనూవచ్చు, కిస్తీ మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తుంది.

లెక్క ప్రకారం క్యాషే గెలిచింది. అయినా మేం మొత్తం క్యాష్ పెట్టలేదు. కారణం వడ్డీ కాదు, వీసా.

మేమిద్దరం హెచ్-1బి మీదే ఉన్నాం, గ్రీన్ కార్డు వరసలో ఎక్కడో తోక దగ్గర. ఉద్యోగం పోతే 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా సర్దుకోవాలి. 2023 అంటే మీకు గుర్తుండే ఉంటుంది, వారానికో కంపెనీ లేఆఫ్ వార్త. లక్షా నలభైలో లక్షా మూడు వేలు ఈ బండిలో పోస్తే చేతిలో మిగిలేది ముప్పై ఏడు వేలు. బండి ఆస్తే కదా, అమ్మితే డబ్బొస్తుంది అనొచ్చు. కానీ ఇది బంగారం కాదు, సాయంత్రం తీసుకెళ్లి తాకట్టు పెట్టడానికి. మోటార్‌హోమ్‌ని మంచి ధరకి అమ్మాలంటే ఓపిక కావాలి, వసంతకాలం కావాలి, కొనేవాడికి కూడా లోన్ దొరకాలి. నవంబర్‌లో తొందరగా అమ్మాలంటే డీలర్ చెప్పిందే ధర.

మా ఆఫీసులో ఒక స్నేహితుడికి ఇది జరిగింది. ఆయనది మోటార్‌హోమ్ కాదు, ట్రక్కు వెనక కట్టుకుని లాగే ట్రైలర్, పదిహేనేళ్ల లోన్, డౌన్ పేమెంట్ దాదాపు లేదు. ఉద్యోగం పోయింది, ఇండియా వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నారు. ఆ ట్రైలర్‌కి డీలర్ ఇస్తానన్నది బ్యాంకు బాకీ కన్నా పదకొండు వేలు తక్కువ. టైటిల్ బ్యాంకు దగ్గర ఉంది, బాకీ మొత్తం తీరితే కానీ అది రాదు. సామాను షిప్పింగ్‌కి దాచుకున్న డబ్బులోంచి పదకొండు వేలు కట్టి, తనది కాని వస్తువుని వదిలించుకుని విమానం ఎక్కాడు. ఎయిర్‌పోర్ట్‌కి నేనే దింపాను.

కాబట్టి మా ఇంట్లో ప్రశ్న మారిపోయింది. క్యాషా లోనా కాదు, ఈ బండిని అమ్మాల్సి వచ్చిన రోజున, అది ఏ రోజైనా సరే, చేతికి వచ్చేది బ్యాంకుకి ఇవ్వాల్సిన దాని కన్నా ఎక్కువగా ఉంటుందా? అదే సమయంలో బ్యాంకులో కనీసం ఏడాది ఖర్చు ఉంటుందా? రెండిటికీ అవును అనిపించేంత డౌన్ పేమెంట్ ఎంతో అంతే పెట్టాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. అలా వెనక నుంచి లెక్క కట్టుకుంటూ వస్తే 52,800 డౌన్, 50,000 అప్పు దగ్గర ఆగింది.

అప్పు డీలర్ దగ్గర తీసుకోలేదు. మా ఊళ్లో ఒక క్రెడిట్ యూనియన్‌లో (సహకార బ్యాంకు లాంటిది) అడిగితే, సగం డౌన్ పెడుతున్నాం కాబట్టి పదేళ్లకి 7.49 అన్నారు. నాన్న భాషలో అరవై రెండు పైసలు. కిస్తీ 593, ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు, వడ్డీ మిగిలిన అసలు మీదే. ఆ అప్రూవల్ కాగితం పట్టుకుని ఆ కిటికీ లేని గదికి మళ్లీ వెళ్తే, నిన్న 8.99 అన్న అదే పెద్దమనిషి నిమిషంలో 7.74కి దిగాడు. ఒక్క రాత్రిలో ఒకటిం పావు శాతం ఎలా తగ్గింది అని అడిగాను, "బ్యాంకులు రేట్లు మారుస్తూ ఉంటాయి సార్" అన్నాడు. మారుస్తాయి లెండి. వద్దన్నాను. సర్వీస్ ప్లాన్ కూడా వద్దన్నాను, పూత వద్దన్నాను. గ్యాప్ అయితే అసలు అవసరమే లేదు, సగం డౌన్ పెట్టినవాడికి బాకీకీ విలువకీ మధ్య గ్యాప్ ఎక్కడ? ఆ గదికి అయిదుకి ఒకటి, ఆ ఒకటి కూడా చాక్లెట్లకి. క్రెడిట్ యూనియన్‌కి అయిదుకి అయిదు. అక్కడి ఆవిడ ఒక్కసారి కూడా నెల కిస్తీతో మొదలుపెట్టలేదు, ముందు మొత్తం వడ్డీ ఎంతో చూపించి తర్వాత కిస్తీ చెప్పింది.

ఇక బండి. ఈ దేశంలో ఆర్‌విల్లో చాలా భాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్ట్ చుట్టూనే తయారవుతాయి, తయారీ వేగం ఎక్కువ, ఫినిషింగ్ అంతంత మాత్రం. డెలివరీ రోజున నాలుగు గంటలు కూర్చుని ప్రతి లైటు, ప్రతి కుళాయి, ప్రతి తలుపు చూశాను, పదిహేడు లోపాలు రాసిచ్చాను. రెండు అలమరా తలుపులు మూసుకోవు, షవర్ దగ్గర సీలు లేదు, ఒక ప్లగ్ పని చేయదు. అన్నీ సరిచేశాకే సంతకం చేస్తానన్నాను. ఇది క్యాష్ వాళ్లకైనా లోన్ వాళ్లకైనా ఒకటే, డబ్బు చేతులు మారకముందు మీరు దేవుడు, మారాక సర్వీస్ క్యూలో ఒక నంబర్. ఇంత చూసినా ఆరో నెలలో పక్కకి జరిగే గది, అంటే స్లైడ్-అవుట్, దాని సీలు దగ్గర నీళ్లు కారాయి. వారంటీ ఉంది, డబ్బు పడలేదు, కానీ బండి సర్వీస్ షెడ్‌లో ఆరు వారాలు ఉంది. కిస్తీ మాత్రం ఒక్క రోజు సెలవు తీసుకోలేదు.

ఇంజిన్ భాగం మీద నాకు ఫిర్యాదు లేదు. 7.3 లీటర్ల వి8, బరువు లాగుతుంది, తాగుతుంది కూడా, గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు వస్తే ఆ రోజు పండగ. నడపడం మూడో రోజుకి అలవాటైంది, పక్కనుంచి పెద్ద ట్రక్కు పోతే ఊగుతుంది, అది అలవాటు కాలేదు. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఇంటి ముందు నిలపనివ్వరు కాబట్టి పైకప్పు ఉన్న స్టోరేజ్‌కి నెలకి 165. ఇన్సూరెన్స్ ఏడాదికి 1,450. లోన్ ఉంటే పూర్తి కవరేజ్ తప్పదు, లేకపోతే బ్యాంకు ఒప్పుకోదు, క్యాష్ వాళ్లకి ఆ బలవంతం లేదు. టైర్లు అరగకపోయినా ఆరేడేళ్లకి మార్చాల్సిందే, రూఫ్ సీలింగ్ ఏటా చూసుకోవాలి, చలికాలానికి ముందు పైపుల్లో నీళ్లన్నీ తీసేయాలి. ఒక జనవరి అది మర్చిపోయి ఒక పంపు పగిలింది.

ఎక్కడికి వెళ్లాం అంటారా, అమరిల్లో దగ్గర పాలో డ్యూరో కాన్యన్‌కి మొదటి ట్రిప్. కాన్యన్‌లోకి దిగే రోడ్డు బాగా వాలు, ఈ బరువుతో లో గేర్‌లో దిగుతుంటే మా ఆవిడ కళ్లు మూసుకుని విష్ణు సహస్రనామం మొదలుపెట్టింది. కింద పొద్దున్నే ఎర్ర రాతిగోడల మధ్య స్టవ్ మీద ఇడ్లీ కుక్కర్ పెట్టి, అల్లం పచ్చడితో తింటుంటే పక్క సైట్ టెక్సస్ తాత వచ్చి రెండు అడిగి తిన్నాడు. బిగ్ బెండ్‌కి వెళ్లినప్పుడు కొండ మీద చిసోస్ బేసిన్‌లో ఉందామనుకున్నాం, 24 అడుగులు దాటిన బండ్లు అక్కడికి రాకపోవడమే మంచిదని పార్కు వాళ్లే చెబుతారు, కింద రియో గ్రాండే ఒడ్డున ఉండిపోయాం. కొనేటప్పుడు అందరూ పెద్దది చూస్తారు, నేషనల్ పార్కుల్లో చిన్నదే మహారాజు. ఇంకోసారి కొంటే 24 లోపే కొంటాను. బండికి అయిదుకి మూడు.

అడిగినవాళ్లకి నా సలహా, నచ్చితే వినండి. గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉండి, కొన్నాక కూడా ఏడాది ఖర్చు చేతిలో మిగిలేవాళ్లు క్యాష్ పెట్టేయండి, కానీ ధర తేలేదాకా ఆ మాట పైకి అనకండి. ఇంకా మంచిది, మూడు నాలుగేళ్ల పాతది చూడండి, మొదటి తరుగుదల ఇంకెవరో భరించి ఉంటారు, కారిపోయే సీళ్లు కూడా ఎవరో బాగు చేయించి ఉంటారు. మరీ పాతవాటికి చాలా బ్యాంకులు లోన్ ఇవ్వవు, అక్కడ క్యాషే దారి. ఇల్లు వదిలేసి ఏడాదంతా ఇందులోనే తిరుగుతాం అనుకునేవాళ్లకి కూడా లోన్ దొరకడం కష్టం, కదిలే మనిషికి అప్పివ్వడం బ్యాంకుకి ఇష్టం ఉండదు. 401కే (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) లోంచి తీసి కొందామనే ఆలోచన మాత్రం మానుకోండి, యాభై తొమ్మిదిన్నర ఏళ్ల లోపు తీస్తే పన్నుకి తోడు పది శాతం జరిమానా, అది ఏ డీలర్ వడ్డీ కన్నా ఘోరం. ఇరవై ఏళ్ల లోన్ ఎవరు ఇచ్చినా, రేటు ఎంత చెప్పినా, తీసుకోకండి.

ఇప్పటి లెక్క. కిస్తీతో పాటు నెలకి మూడొందలు అదనంగా కడుతున్నాం, బాకీ 35 వేలకి వచ్చింది. ఇలాంటివే ఆన్‌లైన్‌లో డెబ్బై వేల దగ్గర అమ్ముడవుతున్నాయి. రేపు ఉద్యోగం పోతే, తొందరలో పదివేలు తగ్గించి అమ్మినా పాతిక వేలతో బయటపడతాం. ఆ గదిలో మొదటి రోజే సంతకం చేసి ఉంటే ఇవాళ బాకీ 88 వేలు ఉండేది.

పోయిన ఆదివారం ఇంకో లెక్క కూడా వేశాను, వేయకుండా ఉండాల్సింది. రెండేళ్లలో తరుగుదల ఇరవై ఆరు వేలు, పన్ను, ఫీజులు ఆరు వేల ఎనిమిది వందలు, వడ్డీ ఆరున్నర వేలు, ఇన్సూరెన్స్, స్టోరేజ్, రిపేర్లు కలిపి తొమ్మిది వేలు. అన్నీ కలిపితే నలభై ఎనిమిది వేలు. ఇందులో అప్పు వల్ల వచ్చింది ఆ ఆరున్నర వేలే, మిగతాదంతా మొత్తం క్యాష్ పెట్టినా పోయేదే. బండిలో మేం పడుకున్న రాత్రులు 61. అంటే రాత్రికి 790 డాలర్లు, పెట్రోలు కాకుండా. ఇలాంటి బండే అద్దెకి రాత్రికి రెండొందలకో రెండొందల యాభైకో దొరుకుతుంది. ఈ పట్టిక ఇంకా మా ఆవిడకి చూపించలేదు. రాత్రులు పెంచితే సగటు తగ్గుతుంది కాబట్టి థాంక్స్‌గివింగ్‌కి తొమ్మిది రోజులు సెలవు పెట్టాను.